లక్కమ్మ తిరిగి పంపిన బియ్యము

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వినని వీరశైవ గృహము అరుదు. కల్యాణమున బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారి జీవనమును, జంగమ దాసోహమును సాగుచుండెను. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. ఇది మన కాయకపు కొలత కాదనియు, ఎక్కడనుండి తెచ్చితిరో అక్కడనే పోసి రమ్మనియు చెప్పి లక్కమ్మ భర్తను మరల పంపెను.

ఈ కథను నేడు కొందరు మరొక పనికి వాడుకొనుచున్నారు. పేద స్త్రీల సంఘమునకు మూలధనముగా కొంత సొమ్ము ఇయ్యవలెనను ప్రస్తావన వచ్చినపుడెల్ల, ఊరక వచ్చిన సొమ్ము మనిషిని సోమరిని చేయుననియు, లక్కమ్మ అదనపు బియ్యమునే వద్దన్నది కదా యనియు వాదించువారు కనబడుదురు. వాదము వినుటకు ఇంపుగానే ఉన్నది. కాని అందొక మెలిక కలదు. వద్దన్నది లక్కమ్మ, బసవేశ్వరుడు కాదు. తీసికొనువారి సుగుణమును ఇచ్చువారు తమ పిడికిలి బిగించుకొనుటకు ఆధారముగా చూపరాదు. పైగా ఆ ముంగిలి అందరికిని తెరచియుండెను గనుకనే గింజలు ఏరుట సాధ్యమైనది. ముంగిలిలో కాలు పెట్టనీయని వారికి కాయకమును గూర్చి ఉపదేశించుట ఎట్లు పొసగును?

ఈ ప్రశ్నను తరచి చూచుటకు ఓరుగల్లు సీమ తగిన చోటు. పాల్కురికి సోమనాథుని పాలకుర్తి ఈ సీమలోనిదే. కాని ఇచ్చట చెప్పబోవునది మన కాలపు సంగతి. 1990 ప్రాంతమునుండి వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెలలో సహవికాస సంస్థ తోడ్పాటుతో స్త్రీల పొదుపు సహకార సంఘములు వెలసినవి. సభ్యురాలు నెలనెలా కొద్ది సొమ్ము కట్టును. కూడిన సొమ్మునుండియే అక్కరకు అప్పు పుచ్చుకొనును. వడ్డీ మరల సంఘమునకే చేరును. తమ పొదుపే తమకు మూలధనము కావలెననుట ఆ సంఘముల పట్టుదల. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ప్రభుత్వపు వాటాధనము లేని సహకారమునకు దారి తెరచెను. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో సహకార గ్రామీణ బ్యాంకును నెలకొల్పిన ములుకనూరులోనే 2002లో స్త్రీల పాడి సహకార సంఘము పని ఆరంభించెను. "స్వకృషి" పేరుతో ఆ పాలు అమ్ముడగుచున్నవి. పాలకవర్గము స్త్రీలది, జీతము పుచ్చుకొను ఉద్యోగి లెక్క చెప్పవలసినది వారికే. పూర్వము కరీంనగర్ జిల్లాలోనిదైన ములుకనూరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నది.

కాయకమునకు ఇంతకంటె మంచి ఉదాహరణ వెదకనక్కరలేదు. అయినను దీనినే అందరికిని కొలబద్దగా పట్టుటలో అన్యాయమున్నది. పొదుపునకు ముందు మిగులు ఉండవలెను. బర్రెకు మేత కావలెను, మేతకు చెలకయో గట్టో కావలెను. తరతరములుగా భూమి దక్కక, నాటుకును కోతకును కూలికి పోవు దళిత స్త్రీకి ఈ రెండును లేవు. ఆమె కష్టపడుట నేర్వవలసినది కాదు. ఊరిలో అందరికంటె ముందు పొలమునకు పోవునది ఆమెయే. ఆమెకు లేనిది మూలధనము. అది లేకపోవుట ఆమె సోమరితనము వలన కాక, ఊరి కట్టుబాటు వలన జరిగినది. అట్టిచోట ఇయ్యబడు సొమ్మును దయ అనుటకంటె పాతబాకీ అనుట సరియైన మాట.

బాకీ తీర్చువాడు పద్ధతి ఎరుగకున్న ఆ సొమ్ము నిలువదు. 1982లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన డ్వాక్రా పథకమున పదునైదు ఇరువదిమంది స్త్రీల బృందమునకు మొదట 15,000 రూపాయల నిధి ఇయ్యబడెను. దానితో నిలద్రొక్కుకొన్న బృందములున్నవి. పంచుకొని ఖర్చుచేసికొన్నవియు ఉన్నవి. సొమ్ము దొరకనిచోట వడ్డీవ్యాపారి ప్రవేశించును. సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి తాళలేక ప్రాణములు తీసికొన్న వార్తలు వచ్చిన పిదప 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. 2021లో హుజూరాబాదున మొదలైన దళితబంధు కుటుంబమునకు 10 లక్షల రూపాయలు, తిరిగి కట్టనక్కర లేకుండ, ఇయ్యదలచినది. మొత్తము పెద్దదే. కాని అది కుటుంబమునకు ఇచ్చిన సొమ్ము. మన ఇండ్లలో కుటుంబపు సొమ్ము ఎవరి చేతిలో ఉండునో వేరుగా చెప్పనక్కరలేదు.

స్త్రీల చేతికే, అదియు ఊరుమ్మడిగా, సొమ్ము చేరిన తీరును తెలిసికొనుటకు ఓరుగల్లు దాటి పడమరగా జహీరాబాదుకు పోవలెను. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి దళిత స్త్రీల సంఘములతో పనిచేయుచున్నది. 1990 తరువాతి దశకమున కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయముతో ఆ స్త్రీలు బీడుపడిన భూములను సాగులోనికి తెప్పించిరి. భూమిగలవారికి పెట్టుబడి ముందుగా ఇచ్చి, దానిని ఏటేట జొన్నల రూపమున రాబట్టి, ఊరిలోనే గాదె నింపిరి. కరువు నెలలలో ఆ జొన్నలను పేదఇండ్లకు తక్కువ ధరకు అమ్మిరి. ఏ ఇల్లు ఎంత పేదదో నిర్ణయించినది అధికారి కాదు. ఊరివారందరు చూచుచుండగా ఆ స్త్రీలే ఇంటింటి స్థితిని విచారించి తేల్చిరి. నిన్నటివరకు ఆసామి కొలిచిపోసిన కూలిగింజలు కొంగున పట్టినవారు నేడు ఊరికి గింజలు కొలుచుచున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమతి ఈ సంస్థకు లభించినది గాని, బహుమతికంటె ఆ కొలపాత్ర చేయి మారుటయే గొప్పది.

ఇక, కొందరు స్త్రీలకే ఇచ్చుట సమానత్వమునకు విరుద్ధము కాదా అను అభ్యంతరము మిగిలియున్నది. ఈ తగవు అమెరికాలో న్యాయస్థానమునకే ఎక్కెను. అట్లాంటా నగరములో నల్లజాతి స్త్రీలు నెలకొల్పిన ఫియర్‌లెస్ ఫండ్ అను సంస్థ నల్లజాతి స్త్రీల వ్యాపారములకు 20,000 డాలర్ల చొప్పున సహాయము ప్రకటించగా, ఇది ఇతరులపట్ల వివక్షయని 2023 ఆగస్టులో దావా పడెను. ఆధారముగా చూపినది 1866 నాటి పౌరహక్కుల చట్టము. బానిసత్వమునుండి విడుదలైన నల్లవారికి తెల్లవారితో సమముగా ఒడంబడికలు చేసికొను హక్కు కల్పించుటకు పుట్టిన చట్టమది! 2024 జూనులో పై న్యాయస్థానము ఆ సహాయమును నిలిపివేయించెను. సెప్టెంబరులో రాజీ కుదిరి పథకమే మూతపడెను. చట్టపు అక్షరము ఎవరి పక్షమో న్యాయవేత్తలు చెప్పవలెను. ధర్మదృష్టితో చూచిన మాత్రము, తలుపు మూసి ఉంచినవారికిని బయట నిలిచినవారికిని ఒకేరీతి నియమము పెట్టుట సమానత్వమనిపించుకొనదు. హరళయ్యను, మధువరసును ఒక్కపీటపై కూర్చుండబెట్టిన కల్యాణము ఊరిని ఉన్నదున్నట్లు విడిచిపెట్టి సమానత్వమును చాటలేదు. దానికి చెల్లించిన మూల్యము మన చరిత్రలో ఉన్నది.

దానమున ఇచ్చువాడు పెద్ద, పుచ్చుకొనువాడు చిన్న. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. ఈ భేదమును పీఠములపై చెప్పుట సులువు, బ్యాంకు పుస్తకములో చూపుట కష్టము. అన్నదాసోహమునకును విద్యకును పేరుపొందిన మఠములు మనకు కలవు. ఓరుగల్లు సీమలోని ఏ మఠమైనను, సంపన్న కుటుంబమైనను దళిత స్త్రీల సంఘమునకు మూలధనము ఇయ్యదలచినచో సొమ్ము సంఘము పేరనే జమ కావలెను. ఏమి పని చేయవలెనో వారే నిర్ణయింపవలెను. చాలునను మాటయు, వద్దను మాటయు వారి నోటనే రావలెను. తిరిగి వచ్చు సొమ్ము దాతకు కాక ఆ సంఘపు నిధికే చేరి, పొరుగు పల్లె స్త్రీలకు ఉపయోగపడవలెను. ఏడాదికొకమారు ఊరి నడుమ లెక్క చదివి వినిపించుమని అడుగుటకు దాతకు హక్కున్నది. పొరపాటు పెట్టుబడి ఒకటి రెండు వచ్చినను సహింపవలెను. మన అంగళ్లలో నష్టము రాని సంవత్సరము ఉన్నదా? గోడపై దాత పేరు చెక్కవలెనా వద్దా అన్నదియు ఆ స్త్రీలే కూర్చుండి తీర్మానించుకొందురు.