ప్రళయం: పురాణంలోనూ, ఉద్దానంలోనూ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రళయం అన్న మాటను నేడు ఎక్కువగా పలికించేది పురాణ కాలక్షేపం కాదు, బంగాళాఖాతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం జిల్లాను కూడా అతలాకుతలం చేసినప్పుడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస సమీపంలో తీరం దాటినప్పుడు జనం నోట ఈ మాటే వినిపించింది. హుద్‌హుద్ అన్నది ఒక పిట్ట పేరు, తిత్లీ అంటే సీతాకోకచిలుక. తుపానులకు పెట్టిన పేర్లలో లేని భయమంతా ఈ ఒక్క మాటే మోయవలసి వచ్చింది. సృష్టి మొత్తానికి సంబంధించిన శాస్త్రపదం ఒక తీరప్రాంతపు నష్టానికి పేరుగా మారేటప్పుడు దాని అర్థంలో కొంత నిలిచింది, కొంత జారిపోయింది. జారిపోయిన భాగమే తీరవాసులకు ఎక్కువ పనికివచ్చేది కావడం ఇక్కడి విచిత్రం.

లీనం కావడం అన్న అర్థంగల ధాతువు నుంచి 'లయం', దానికి 'ప్ర' చేరి 'ప్రళయం' ఏర్పడ్డాయి కనుక, ఆ మాటలో మొదట ఉన్నది ధ్వంసం కాదు, కార్యం తిరిగి తన కారణంలో కలిసిపోవడం. విష్ణుపురాణమూ భాగవత ద్వాదశ స్కంధమూ దీన్ని నాలుగు విధాలుగా చెబుతాయి. ప్రాణులు అనుక్షణం మార్పుచెంది నశిస్తూ ఉండడం నిత్యప్రళయం. వేదాంతులు గాఢనిద్రను కూడా దీనికిందే చేర్చారు. బ్రహ్మకు ఒక పగలు, అంటే 432 కోట్ల సంవత్సరాల కల్పం, ముగిసినప్పుడు లోకాలు నీట మునగడం నైమిత్తికం. బ్రహ్మ ఆయువు తీరినప్పుడు పంచభూతాలతో సహా సమస్తమూ మూలప్రకృతిలో కలిసిపోవడం ప్రాకృతికం. జ్ఞానం వల్ల జీవుడు పొందే మోక్షం ఆత్యంతికం. అలంకారశాస్త్రంలోకి వస్తే ఎనిమిది సాత్త్విక భావాల్లో చివరిదైన మూర్ఛ పేరు కూడా ప్రళయమే. ఇక కలియుగం ముగియగానే ప్రళయమని చాలామంది అనుకోవడం పురాణాలు చెప్పని మాట. వాటి ప్రకారం కలియుగాంతం తర్వాత వచ్చేది మళ్లీ కృతయుగమే.

తీరప్రాంతానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది భాగవతం అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ. కృతమాలా నదిలో తర్పణం విడుస్తున్న ద్రవిడరాజు సత్యవ్రతుడి దోసిట్లోకి ఒక చేపపిల్ల వస్తుంది. అది పెరిగి పెద్దదై, ఏడో రోజున ముల్లోకాలూ సముద్రంలో మునుగుతాయని ముందే చెప్పి, ఓషధులనూ నానావిధ బీజాలనూ పోగుచేసుకుని సప్తర్షులతో కలిసి నావ ఎక్కమంటుంది, వాసుకిని తాడుగా చేసి ఆ నావను తన కొమ్ముకు కట్టించుకుంటుంది. అంటే ఈ కథలో ప్రళయం చెప్పకుండా రాదు. దానికి హెచ్చరిక ఉంది, గడువు ఉంది, విత్తనం దాచే పని ఉంది. ఆ సత్యవ్రతుడే ఈ కల్పంలో సూర్యుని కుమారుడైన వైవస్వత మనువుగా పుట్టాడని భాగవతం చెబుతుంది. కనుక అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో పూజకు కూర్చున్న భక్తుడు సంకల్పంలో శ్వేతవరాహ కల్పం తర్వాత వైవస్వత మన్వంతరం అన్నప్పుడల్లా, ప్రళయంలో మునిగినవారిని కాక, దాన్ని దాటివచ్చినవాణ్ణే పేరుపెట్టి తలచుకుంటున్నాడు.

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో శ్రీకాకుళం, బొబ్బిలి ప్రాంతాల్లో కెనడా బాప్టిస్టు మిషనరీల పని మొదలయ్యాక స్థిరపడిన క్రైస్తవ తెలుగులో నోవహు కాలపు వరద జలప్రళయమైంది, రాబోయే అంతానికి యుగసమాప్తి, రాకడ అన్న మాటలు కుదురుకున్నాయి. ముస్లింల ఖయామత్‌ను తెలుగు గ్రంథాలు ప్రళయదినం అంటాయి. ఈ రెండు మతాల్లోనూ అంతం వెంట తీర్పు ఉంటుంది. ఎవరి లెక్క వారు ఒప్పజెప్పక తప్పదు.

అంతాన్ని సూచించే గుర్తును లౌకికార్థంలోకి మళ్లించిన పెద్ద ప్రయత్నం ఈ నేల మీదే జరిగింది. 1910లో హేలీ తోకచుక్క కనిపించి, మే నెలలో భూమి దాని తోకలోంచి సాగిపోతుందని తెలిసినప్పుడు, ఆ తోకలోని విషవాయువుతో ప్రాణికోటి నశిస్తుందన్న భయం యూరప్, అమెరికా నగరాలను సైతం పట్టుకుంది. ధూమకేతువును ఉత్పాతంగా, అంటే రాబోయే కీడుకు సూచనగా, ఎంచే మన సంప్రదాయం సరేసరి. విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు అదే ఏడాది 'ముత్యాల సరములు'లో, తోకచుక్కను చూసి లోకం చెప్పుకునే కీడును పక్కనపెట్టి, దాన్ని సంఘసంస్కరణకు ఎత్తిన జెండాగా చెప్పించాడు. పాతది పోవడం కొత్తదానికి మొదలన్న పురాణ భావనను ఆయన ఆకాశం నుంచి సంఘంలోకి దించాడు, అంతే తప్ప దాన్ని కొట్టివేయలేదు.

తిత్లీ నాటి వాడుకలో కొత్తదానికి మొదలన్న ఈ రెండో సగం కనిపించదు. గంటకు 140 కిలోమీటర్లకు పైబడిన గాలి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి చెట్టుకు కొమ్మలుండవు, పెరిగే చోటు తల మీది మొవ్వు ఒక్కటే. అది విరిగితే మాను నిటారుగా నిలబడి ఉన్నా చచ్చినట్టే, కొత్త మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అటువంటి తోట పోగొట్టుకున్న రైతు ప్రళయం వచ్చినట్టయిందని అంటాడు. ఆ 'అట్టు'లో ఉపమానం ఉంది, ఆయన లోకం కూలిన నిజమూ ఉంది; దాన్ని తప్పుపట్టే అధికారం ఏ పండితుడికీ లేదు. పత్రిక శీర్షికో, వేదిక మీది నాయకుడో ఆ ఉపమానాన్ని తుడిచేసి ప్రళయమనే తేల్చినప్పుడు మాత్రం మాట పని మారుతుంది. కాలం పండి వచ్చినదానికి మనిషి చేయగలిగిందేముంది అన్న సగం నిలిచి, హెచ్చరిక ఎవరికి ఎప్పుడు అందింది, విత్తనం ఎవరు దాచారు, లెక్క ఎవరు చెప్పాలి అన్న సగం రాలిపోతుంది. ఆ విధంగా లౌకికమనుకునే వాడుక పురాణం కన్నా ఎక్కువ కర్మవాదంగా తయారవుతుంది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తన నిర్వచనంలో ప్రకృతి కారణాలతో పాటు మానవ కారణాలనూ, నిర్లక్ష్యాన్నీ చేర్చింది. విపత్తు అన్న ఆ పొడిమాటలో కవిత్వం లేదు గాని జవాబుదారీతనం ఉంది. ఉద్దానం రైతు తన నష్టాన్ని ఏ పేరుతోనైనా పిలుచుకోవచ్చు. నష్టం అంచనా వేసి పరిహారం ఇవ్వవలసినవారికి మాత్రం 2018 అక్టోబరులో జరిగింది ప్రళయం కాదు, విపత్తు.