‘అకస్మాత్తుగా’ అను మాట

మనుష్యుడు తాను చేసిన తప్పును ఒప్పుకొనవలసి వచ్చినప్పుడు తరచుగా ఒక మాటను ఆశ్రయించును. ‘ఏమో, అకస్మాత్తుగా అట్లు జరిగిపోయినది’ అనును. మన నుడికారము కూడ అతనికి తోడ్పడుచున్నది. నోరు జారినది, చేయి జారినది, కాలు జారినది అని మనమందరము అనుచునే యుందుము. జారినవి నోరును, చేయియు, కాలును. వాని యజమాని ఆ క్షణమున మరెక్కడనో ఉన్నట్లు ధ్వనించును. కన్నతల్లిని కసరుకొన్నవాడును ఈ మాటనే అనును. మనిషి ప్రాణము తీసినవాడును ఈ మాటనే అనును. ఇందు సత్యమెంత? అకస్మాత్తుగా జరిగిన పనికి కర్త ఎవరు? ఈ ప్రశ్నను ఒక మహారచయిత, ఒక్క చిన్న మాటను చేతబట్టి, ఒక నవల పొడవునను పరీక్షించి చూపినాడు.

రష్యన్ రచయిత ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ (1821–1881) వ్రాసిన ‘నేరము – శిక్ష’ 1866వ సంవత్సరమున ఒక మాసపత్రికయందు భాగములుగా వెలువడినది. కథ పీటర్స్‌బర్గు నగరమున జరుగును. రస్కోల్నికోవ్ అను యువకుడు పేదరికముచే విశ్వవిద్యాలయపు చదువు మానుకొని, ఇరుకు గదిలో ఒంటరిగా ఆలోచనలలో మునిగియుండును. తాకట్టు వ్యాపారము చేయు ఒక ముసలిదాని వలన లోకమునకు కీడే గాని మేలు లేదనియు, ఆమెను తొలగించి ఆ ధనమును సత్కార్యములకు వినియోగించినచో దోషము లేదనియు తర్కించుకొనును. అసాధారణ పురుషులకు సామాన్య నీతి వర్తింపదని అతడొక వ్యాసము కూడ వ్రాసియున్నాడు. తుదకు గొడ్డలితో ఆమెను చంపును. ఆ సమయమున ఇంటికి తిరిగివచ్చిన ఆమె సవతి చెల్లెలిని, ఏ పాపము నెరుగని లిజవేతాను గూడ చంపును. ఇదంతయు ఆరు భాగముల నవలలో మొదటి భాగముననే ముగియును. తక్కిన ఐదు భాగములును, ఉపసంహారమును ఆ పని చేసినవాని అంతరంగమున జరిగిన కథయే.

ఈ గ్రంథమును మూలమున చదువువారికి ఒక మాట అడుగడుగునను తగులుచుండును. అది ‘వ్ద్రుగ్’ అను మాట. రష్యాలో చిన్నపిల్లలు సైతము వాడుకొను సామాన్య పదము. ‘అకస్మాత్తుగా’, ‘ఉన్నట్టుండి’ అని దాని అర్థము. తొపొరోవ్ అను రష్యన్ పండితుడు ఈ ఒక్క నవలలో అది సుమారు 560 సార్లు వచ్చినదని లెక్క చూపినాడు. ఒకడు అకస్మాత్తుగా నవ్వును. ఒకడు అకస్మాత్తుగా వెలవెలబోవును. ఒక ఆలోచన అకస్మాత్తుగా మెరయును. ఒక మనిషి అకస్మాత్తుగా గుమ్మమున నిలుచును.

ఇట్టి పదము అనువాదకునకు చిక్కు తెచ్చిపెట్టును. పునరుక్తి దోషమని మనము అలంకారశాస్త్రమున చదువుకొన్నాము. కావున అతడు ఒకచోట ‘తటాలున’ అనును, ఒకచోట ‘ఇంతలో’ అనును, మరియొకచోట ఆ మాటనే విడిచిపెట్టును. వాక్యము నునుపుగా సాగును. కాని న్యాయస్థానమున ఒకే విషయమును పదిమంది సాక్షులు చెప్పగా, తొమ్మిదిమందిని పంపివేసినట్లగును. ఇచ్చట ఆ పునరుక్తియే సాక్ష్యము. ఇన్ని ‘అకస్మాత్తు’లు ఒకచోట చేరినప్పుడే, వీని వెనుక ఏమున్నదను సందేహము చదువరికి కలుగును.

మన మాటలనే కొంచెము విడదీసి చూతము. ‘కస్మాత్’ అనగా దేనివలన. ‘అకస్మాత్’ అనగా దేనివలనను కాక, కారణము లేక. ‘హఠాత్’ అనగా బలాత్కారముగా. మొదటి మాట కారణమే లేదనుచున్నది. రెండవది కారణము బయటి బలమనుచున్నది. రెండును కర్తను తప్పించుచున్నవి. రష్యన్ పదము నడక వేరు. పూర్వపు వాడుకలో దానికి ‘ఒకేసారి’, ‘కలిసి’ అను అర్థము కలదు. అనగా పెక్కు విషయములు ఒక్క క్షణమున వచ్చి కలిసినవని. ఈ మూడింటిలో ఏది యథార్థమో కథయే చెప్పవలెను.

హత్యకు ముందటి దినమున రస్కోల్నికోవ్ ఊరి వెలుపల చెట్లక్రింద నిద్రించి ఒక కల గనును. బరువు లాగలేని ఒక బక్కగుర్రమును త్రాగుబోతులు కొట్టికొట్టి చంపుదురు. తాను చిన్న బాలుడై ఏడ్చుచు దాని తలను కౌగిలించుకొనును. మేల్కొని, తాను చేయదలచిన పనిని తలంచుకొని వణకిపోవును. దారి చూపుమని భగవంతుని ప్రార్థించి, ఆ సంకల్పమును త్యజించుచున్నాననుకొనును. అతని మనస్సు తేలికపడును. కాని ఇంటికి పోవుచు, అవసరము లేకయే చుట్టుదారి పట్టి గడ్డిసంత మీదుగా నడచును. అక్కడ లిజవేతా ఎవరితోనో మాటాడుచుండగా, మరునాటి సాయంకాలము ఏడుగంటలకు ఆమె ఇంట ఉండదనియు, ముసలిది ఒంటరిగా ఉండుననియు అతని చెవిని పడును. అంతటితో అంతయు నిశ్చయమైపోయినదని అతనికి తోచును. ఇది విధి చేసిన పని యని తరువాత అతడు పదేపదే తలపోయును.

ఇది నిజముగా విధియేనా? ఆ మాటలు ఆ సంతలో మరి కొందరి చెవిని గూడ పడియుండును. వారికవి గాలిలో కలిసిపోయిన మాటలు. ఇతనికి మాత్రము ఆజ్ఞ అయినవి. ఎందువలన? రచయిత ఆ లెక్కయంతయు దాచక మన ముందు పెట్టినాడు. ఆ వ్యాసము వ్రాసి నెలలు గడచినవి. నెలన్నర క్రిందట ఒక పానశాలలో ఇద్దరు అపరిచితులు ఆ ముసలిదానిని చంపుటను గూర్చి వాదించుకొనుచుండగా విని, తన తలంపే వారి నోట వచ్చినదని ఇతడు ఆశ్చర్యపడినాడు. తన వాకిలి నుండి ఆమె ఇంటివరకు ఏడువందల ముప్పది అడుగులని ముందే లెక్కించుకొన్నాడు. కోటు లోపల గొడ్డలి తగిలించుకొనుటకు ఉచ్చు కుట్టు ఉపాయమును రెండువారముల క్రిందటనే పన్నినాడు. ఆమె దృష్టి మరల్చుటకై తయారుచేసిన దొంగ తాకట్టు వస్తువు అతని సోఫా క్రింద ఎన్నటినుండియో దాగియున్నది. చెట్లక్రింద అతడు సంకల్పమును త్యజించినప్పుడును అది అక్కడనే యున్నది.

మన శాస్త్రకారులు కాకతాళీయ న్యాయమని ఒకటి చెప్పుదురు. కాకి తాటిచెట్టుపై వ్రాలినది. ఆ క్షణముననే తాటిపండు రాలినది. కాకి వలన పండు రాలలేదు, అది యాదృచ్ఛికమని వారి భావము. కాని ఈ ఉపమానమున మనము గమనింపని అంశ మొకటి కలదు: పండు పండియుండుట. పచ్చికాయ మీద నూరు కాకులు వ్రాలినను రాలదు. గడ్డిసంతలో విన్న మాట కాకి వంటిది. పండు నెలల తరబడి ఆ ఇరుకు గదిలో మాగినది. మనము కాకిని జూచి ‘అకస్మాత్తుగా’ అనుచున్నాము.

అర్జునుడు గీత మూడవ అధ్యాయమున ఇదే ప్రశ్న అడిగినాడు: ఇష్టము లేకయే, ఎవరో బలవంతముగా నెట్టినట్లు, మనుష్యుడు పాపమును చేయుటకు ప్రేరకమేమి? ‘నెట్టినట్లు’ అనుటలోనే ఆ ‘హఠాత్తు’ కలదు. భగవానుని సమాధానము బయటి శత్రువును చూపలేదు. రజోగుణమున పుట్టిన కామక్రోధములని చెప్పి, ఇంద్రియములు, మనస్సు, బుద్ధి అనునవే దానికి నివాసములని తెలిపినాడు. రెండవ అధ్యాయమున ఆ మార్గమును మెట్లు మెట్లుగా చూపియేయున్నాడు: చింతన, సంగము, కామము, క్రోధము, మోహము, స్మృతినాశము, బుద్ధినాశము, పతనము. లోకము చూచునది కడపటి మెట్టును మాత్రమే. మొదటి మెట్టు ఒక మౌనమైన చింతన. దానికి పేరు లేదు, శబ్దము లేదు, శిక్షాస్మృతిలో చోటు లేదు.

అట్లైన మానవుడు పూర్వసంస్కారముల చేతిలో కీలుబొమ్మయా? అని అడుగవచ్చును. కాదు. ఆ యువకుడు కల నుండి మేల్కొన్న ఘడియలో అతనికి స్వేచ్ఛ నిజముగనే లభించినది. రచయిత దానిని అపహాస్యము చేయలేదు. లోపమెచ్చటనన, అతడు ఆ స్వేచ్ఛను అనుభవించినాడే గాని వినియోగింపలేదు. తిన్నగా ఇంటికి పోయి ఆ దొంగ పొట్లమును పారవైచినచో, తన మిత్రుడైన రజుమీహిన్ వద్దకు పోయి మనస్సు విప్పినచో, కాకి వ్రాలునప్పటికి చెట్టున పండు ఉండెడిది కాదేమో! పతంజలి మహర్షి చెడు తలంపులు బాధించునప్పుడు వానికి విరుద్ధమైన భావనలను అభ్యసింపుమనుట ఇందుకే. స్వేచ్ఛ కడపటి క్షణమున సన్నని దారము. మొదటి క్షణమున విశాలమైన మార్గము. కావున బాధ్యతను గూడ మనము ఆ మొదటి క్షణముననే వెదకవలెను.

ఈ నవలలో మంచి పనులును అకస్మాత్తుగనే జరుగును. రస్కోల్నికోవ్ ఒక దీనకుటుంబపు దుస్థితిని జూచి, తన కడనున్న చిల్లరను వారి కిటికీలో పెట్టి వచ్చును. మెట్లు దిగుచునే ఎందుకిచ్చితినని నొచ్చుకొనును. వీథిలో ఒక దుష్టుని బారినుండి ఒక బాలికను కాపాడబోవును. అంతలో మనస్సు తిరిగి, నాకేలయని విడిచిపోవును. వేరులేని మంచి వచ్చినంత వేగముగనే పోవును. ఉదార భావము ఒకటి పొంగినంతనే తాము మంచివారమైపోయితిమని తలంచు మనవంటివారికి ఇది హెచ్చరిక.

కడపట మరియొక ‘అకస్మాత్తు’ వచ్చును. ఎనిమిదేండ్ల కఠినశిక్షపై సైబీరియాలో ఉన్న ఖైదీ, ఒక విశాల నదీతీరమున కూర్చుండియుండగా, సోన్యా వచ్చి ప్రక్కన కూర్చుండును. ఏమి జరిగినదో అతనికే తెలియదు. ఏదియో శక్తి ఎత్తి పడవైచినట్లు ఆమె పాదములపై పడి కన్నీరు కార్చును. గొడ్డలి నెత్తించిన మాటయే ఇచ్చట శిరస్సును వంచినది. దీనిని దైవకృప యన్నను తప్పులేదు. కాని ఇచ్చటను నేల సిద్ధమైయున్నది. తన కుటుంబపు ఆకలి తీర్చుటకై వీథిపాలైన ఆ బాలిక అతని వెంట సైబీరియాకు వచ్చినది. సెలవుదినములలో చెరసాల ద్వారము కడ వేచినది. అతడు విసుగుకొన్నను పోలేదు. ఆమె ఇచ్చిన ధర్మగ్రంథము అతని తలగడ క్రింద విప్పకయే ఉన్నది. వెనుకటి గదిలో సోఫా క్రింద దొంగ పొట్లము. ఇచ్చట తలగడ క్రింద పవిత్ర గ్రంథము. మనిషి దేనిని దాచుకొని నిద్రించునో, ఒకనాడు దానికే మేల్కొనును.

నవల ఇంతటితో ముగిసినచో అందమైన ముగింపు అయియుండును. కాని రచయిత తుదిపేరాలో, ఆ మనుష్యుని నూతన జీవితమును గూర్చి చెప్పుచు, ‘క్రమక్రమమైన’ అను అర్థము గల విశేషణమును ఒకే వాక్యమున మూడుసార్లు వాడినాడు. వందలకొలది ‘అకస్మాత్తు’ల పిదప, ఇది. ఇంకను ఏడేండ్ల శిక్ష మిగిలియున్నది. దోస్తోయెవ్‌స్కీకి ఇది పుస్తక జ్ఞానము కాదు. 1849 డిసెంబరులో మరణశిక్షకై ఇతర ఖైదీలతోపాటు అతనిని మైదానమున నిలువబెట్టి, కడపటి క్షణమున క్షమాపత్రము చదివి వినిపించిరి. ప్రాణము అకస్మాత్తుగా తిరిగివచ్చినది. దానిని జీవితముగా మలచుకొనుటకు ఓమ్‌స్క్ చెరసాలలో నాలుగేండ్లు పట్టినది.

వేయి సంవత్సరముల నుండి చీకటి నిండిన గదిలోనికి దీపము తెచ్చినచో ఆ చీకటి కొంచెము కొంచెముగా పోవునా, ఒక్కసారిగా పోవునా యని శ్రీరామకృష్ణులు ప్రశ్నించెడివారు. చీకటి ఒక్కసారిగనే పోవును. అది ఆశ. కాని వెలుగు వచ్చిన పిమ్మట గదిలోని బూజును, చెత్తయు కంటబడును. వానిని చీపురుతో ఊడ్చుకొనవలసినదే. అది సాధన. గీతయందును, దురాచారుడైనను అనన్యభక్తితో భజించువాడు శీఘ్రముగా ధర్మాత్ముడగునని ఒకచోట ఉన్నది. మనస్సును మెల్లమెల్లగా నిలుపవలెనని మరియొకచోట ఉన్నది. రెండును ఒక్క గురువు నోట వచ్చినవే.

కావున ‘నోరు జారినది’ అని మనము అనబోవునప్పుడు, ఆ మాట ఎన్నాళ్లనుండి నాలుక క్రింద మాగినదో విచారించుట మంచిది. ఒక సద్భావము అకస్మాత్తుగా ఉదయించినప్పుడు, దానిని మెచ్చుకొనుచు కూర్చుండక, ఆ దినముననే దానికి తగిన చిన్నపని యొకటి చేయుట మంచిది. నేటి రాత్రి తలగడ క్రింద మనము ఏమి పెట్టుకొని నిద్రించుచున్నామో, అది మాత్రము అకస్మాత్తు కాదు.