ఊట

మహానంది గుడిలో నీ లింగం కింద పుట్టిన నీరు కోనేట్లోకి దూకే చోట నిలబడ్డాను తండ్రీ, మాట రాలేదు. నడివేసవిలోనూ అదే ఒరవడి, అదే తేట. అడుగున పడ్డ రూపాయి బిళ్ల తెల్లవారుజాము చుక్కలా మెరుస్తోంది. ఆ నీరు గుడి దాటి తోటలకు పోతుంది, అరటిగెలకు తీపవుతుంది, పిచ్చుక ముక్కున చుక్కవుతుంది. తాగేవాడి ఊరడగదు, పేరడగదు.

అలాంటి ఊట మరొకటి చూశాను స్వామీ, వెలుగోడు రిజర్వాయరు కట్ట మీద.

పొద్దు వాలుతూ నల్లమల మీద కుంకుమ ఆరేసిన వేళ. ఎదుట ఉన్న నీళ్లు శ్రీశైలం నుంచి వచ్చినవే కదా అనుకుంటూ, ఫోనులో ‘శ్రీశైలం’ అని రాయబోయాను. శ వచ్చి నిలబడింది. ర దాని పాదాల దగ్గర ఒదిగింది. తల మీద గుడిదీర్ఘం గోపురంలా లేచింది. విడివిడిగా వచ్చిన సంకేతాలు రెప్పపాటులో ఒక్క ‘శ్రీ’ అయి కళ్లు తెరిచాయి. ఎన్నేళ్లుగా రాస్తున్నానో! ఒక అక్షరం పుట్టడం మాత్రం ఆనాడే చూశాను.

యంత్రానికి అక్షరం తెలియదు, అంకె తెలుసు. యూనికోడ్ వీధిలో మన అకారం ఇంటి నంబరు 3077, కకారానిది 3093, హకారానిది 3129. ఆ అంకెల ఎముకలకు కండ పట్టించి, ఒత్తును ఒత్తు చోట, గుడిని గుడి చోట నిలిపే సాఫ్ట్‌వేరు పేరు హార్ఫ్‌బజ్. అది పారశీక పదం. తెరిచిన అక్షరమని భావం. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాన్ని చేపట్టి పెంచారు, దేశదేశాల వాళ్లు తలో చెయ్యి వేశారు. కొందరికి జీతముంది, ఎందరికో లేదు. ఆండ్రాయిడ్ ఫోనులో మన ఒత్తులు కుదురుకునేది వాళ్ల చలవతోనే. ఎక్కడి పారశీకం, ఎక్కడి వెలుగోడు! ఏ తల్లి కన్న బిడ్డలో నా తల్లి భాషకు నగలు తొడుగుతున్నారు.

మన ఇంటివాళ్లను తలుచుకోనీ. తెర మీద తెలుగు తడబడే రోజుల్లో తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చారు. వెన్న నాగార్జున పద్మ అనే సాఫ్ట్‌వేరును ఇచ్చారు, వీవెన్ లేఖిని అనే సాఫ్ట్‌వేరును ఇచ్చారు. లేఖినిలో ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు మాట ఎదురొచ్చేది, పరాయి ఊళ్లో అమ్మ గొంతు వినబడ్డట్టు. స్వేచ్ఛ సంస్థలో గుమిగూడిన కుర్రవాళ్లు లినక్స్ మెనూలకు ఒక్కో మాటే తెలుగులో కూర్చారు. కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన పింగళి సూరన, సిలికానాంధ్ర పంచిన ఫాంట్లలో ‘సూరన్న’ అయి మళ్లీ మా సీమ గడప తొక్కాడు. అప్పుడు రాజుగారి ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ప్రతి ఇంటికీ!

ఆళ్లగడ్డ శిల్పుల వాడలో ఉలిచప్పుడు విన్నవాళ్లకు ఈ పని తెలుస్తుంది. రాతిలో కనుబొమ్మ వెంట్రుకవాసి తప్పితే దేవుడి చూపే మారిపోతుంది. ఇక్కడా అంతే. తలకట్టు అంటితే వకారం, ఎడమైతే పకారం. ఎక్కడో ఎవరో ఒత్తు పక్కకు జరిగిందని చెబితే, ఇంకెక్కడో ఇంకెవరో బిడ్డను నిద్రపుచ్చి, లైటు తగ్గించి, తెల్లవార్లూ వెతికి దాన్ని దాని చోట కూర్చోబెడతారు. తర్వాత లక్షల తెరల మీద అది కుదురుగా కనబడుతుంది. చదివేవాడికి ఏదో జరిగిందన్న ఊహే రాదు. విగ్రహం కింద శిల్పి పేరు లేనట్టే, ఈ అక్షరం కింద ఆ రాత్రి పేరు లేదు.

ఈ రిజర్వాయరు నీళ్లు తెలుగుగంగ అయి సోమశిల, కండలేరు మీదుగా మద్రాసు దాహం తీరుస్తాయి. 1976లో మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామని మాటిచ్చాయి. ఆ 15లో 3 దారిలో ఆవిరైపోతాయని లెక్క. ఈ అక్షరశిల్పులు పారించిన నీటికి ఆవిరి కూడా లేదు. కోటిమంది తోడుకున్నా ఇచ్చినవాడి కుండ నిండుగానే ఉంటుంది. వాడుకో అంటారు, విప్పి చూసుకో అంటారు, నీకు నచ్చినట్టు మలచుకో అంటారు. కొందరు ఒక్క మాట కోరతారు: నీకు దక్కిన ఈ స్వేచ్ఛ నీ తర్వాతివాడికీ దక్కనీ.

మహానందీశ్వరా, పేరు తెలిసినవాళ్లు నలుగురు, తెలియనివాళ్లు నల్లమలలో చెట్లంతమంది. వాళ్ల నడుములు నొప్పెట్టకుండా చూడు. ఎర్రబడ్డ కళ్లకు నీ కోనేటి చలువ తగలనీ. వాళ్లు నిద్ర మానుకున్న రాత్రులన్నీ వాళ్ల పిల్లలకు హాయైన నిద్రగా తిరిగి ఇవ్వు.

చీకటి పడింది. గాలేరు ఏటి వైపు నీళ్లు నల్లబడ్డాయి. తెర మీద ‘శ్రీ’ ఇంకా వెలుగుతోంది. తక్కిన మాట పూర్తిచేయడానికి వేలు కదలక, దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.