పాతబండి – తగిన వేగము

వేగమే గొప్పతనమునకు గుర్తని లోకము తలంచుచున్నది. పాత మోటారుబండి విషయమున ఈ తలంపు ఎంతవరకు చెల్లునో విచారింతము.

సిరోంచ నుండి ఆలపల్లి వైపు పోవు అడవిబాటలో ఎడ్లబండ్లు, పశువులు, బడిపిల్లలు సైతము బాటసారులే. అందొక పాత అంబాసిడరు పోవుచున్నదనుకొందము. 2014లో తయారీ నిలిచిపోయిన ఆ బండిని మనలో పలువురు ముచ్చటపడి కాపాడుకొనుచున్నారు. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిమ్మట బండి ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును. ఈ నియమము కొత్తబండికిని తప్పదు. డ్రమ్ము బ్రేకుల పాతబండికి మరింత కఠినము. యజమాని ముచ్చటకు మూల్యము చెల్లించువాడు బాటప్రక్కన నడచు అపరిచితుడు. బండి మనది; బాట అందరిది.

అట్లని నత్తనడకయే ధర్మమని మేము చెప్పము. వెనుక లారీలను బారులు తీర్చుటయు అపరాధమే; అవి విసిగి దాటబోవుటయే ప్రమాదహేతువగును. ఎడమకు ఒదిగి దారియిచ్చుట పెద్దఱికము. కదల్చక షెడ్డులో దాచుటయు రక్షణ కాదు. రబ్బరు ఎండును, బ్రేకులు బిగుసుకొనును.

ఇంగ్లండున మోటారుబండ్లపై ఆంక్షలు సడలిన 1896లో లండను నుండి బ్రైటనుకు సంతోషయాత్ర సాగెను. నేటికిని 1905కు పూర్వపు బండ్లు ఏటేట ఆ బాటనే పోవును. అది పందెము కాదు. క్షేమముగా చేరుటయే గౌరవము.

వృద్ధుని చేయిపట్టి నడిపించువాడు వృద్ధుని అడుగును బట్టియే నడచును. పాతబండి వేగమును నిర్ణయింపవలసినది మన ఉబలాటము కాదు. దాని బ్రేకుల శక్తి, ఎదుటివారి ప్రాణము.