లేదని చెప్పు విద్య

విద్య యెందులకు? జీవనోపాధికా, లోకోపకారమునకా? ఈ ప్రశ్న పాతది. అయినను భూగర్భశాస్త్రమును చదువు మన యువకుని విషయమున నిది మరల క్రొత్తగ పుట్టుచున్నది. ఏలయన, అతని విద్యకు ఫలమడుగువాడు దూరమున లేడు. తన యూరిలోనే, ఎండిన బావిగట్టున నిలిచియున్నాడు.

కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడలు ఇరుగుపొరుగు పట్టణములు. వాని భూములు మాత్రము ఏకరీతిగ లేవు. కోదాడకు దక్షిణమున మేళ్లచెరువు ప్రాంతమునందు సున్నపురాయి పఱచుకొనియున్నది. దాని నాశ్రయించి సిమెంటు కర్మాగారములు వెలసినవి. సూర్యాపేట పరిసరములందు గ్రానైటు గుట్టలును, ఎఱ్ఱని చెలకలును కానవచ్చును. మిర్యాలగూడ వైపున, 1967లో కాలువలకు నీరు విడువబడిన నాగార్జునసాగరము పుణ్యమున వరిచేలు పండుచున్నవి. కాలువ నీరెక్కని మెట్టభూమియందు రైతునకు బోరుబావియే దిక్కు.

గ్రానైటు గట్టిరాయి. ఇసుకయందువలె దానియందు నీరు నిండియుండదు. పైభాగమున రాయి చివికి మొరముగ మాఱినచోటను, లోపల పగుళ్లున్నచోటను మాత్రమే నీరు నిలుచును. లోతునకు పోయినకొలది ఈ పగుళ్లు సాధారణముగ తగ్గుచుండును. కావున ఒక బావి నిండుగ పాఱుచుండగా, దాని చెంతనే త్రవ్విన వేఱొక బావి దుమ్ము గ్రక్కుట వింతకాదు.

ఇట్టి చెలకలో మూడు బోరులు వేసి, మూడును ఎండగా, నాలుగవదానికి అప్పు తెచ్చిన రైతొక డున్నాడనుకొందము. పట్టణమున చదివివచ్చిన పొరుగింటి కుఱ్ఱవానిని పిలిచి, “నాయనా, ఇక్కడ నీళ్లు పడునా?” అని యడుగును. కుఱ్ఱవాడు భూమిలోనికి విద్యుత్తును పంపి, అడుగుననున్న పొరల నిరోధమును కొలుచును. నీరున్న పగులురాతికి నిరోధము తక్కువ. అయినను బంకమట్టికిని, ఉప్పునీటికిని గూడ తక్కువయే. కావున అతడు చెప్పగలిగినది నిశ్చయము కాదు, సంభావ్యత మాత్రమే. ఆ సంభావ్యతయు మిక్కిలి స్వల్పమని తేలినచో నతడేమి చెప్పవలయును?

“పడును” అనిన అందఱును సంతోషింతురు. రైతునకు ఆశ నిలుచును. బోరుబండివానికి పని దొరకును. పరీక్షకునకు రుసుము ముట్టును. అరచేత కొబ్బరికాయ నిలిపి నీటిజాడ చెప్పువా డెల్లప్పుడును ఏదోయొకచోటు చూపును. “లేదు” అనువాడొక్కడే అందఱికిని కానివాడగును.

“నేను వద్దన్నను రైతు మానడు, వేఱొకని పిలుచును. నాకు వచ్చు రూపాయి పోవుట తప్ప ఫలమేమి?” యని కొందఱు విద్యావంతులు వాదింతురు. ఈ వాదమునందు కొంత నిజము కలదు. రైతు మానకపోవచ్చును. కాని అతడు తెలిసి త్రవ్వుట వేఱు, విద్వాంసుని మాట నమ్మి త్రవ్వుట వేఱు. మొదటిది అతని సాహసము. రెండవది మన ద్రోహము. కొబ్బరికాయవాని నమ్మిన రైతును మూఢుడని పరిహసించుట సులభము. శాస్త్రము చదివియు రుసుముకై ఆశను విక్రయించువా డంతకంటె హీనుడు కాడా?

నీరు పడినంతమాత్రమున కథ ముగియదు. గ్రానైటులోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కలియును. లీటరునకు ఒకటిన్నర మిల్లిగ్రామును మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో పండ్లు గారపట్టును. ప్రమాణ మింకను హెచ్చినచో ఎముకలు బిగిసి నడుము వంగును. నాటి మదరాసు రాజధానిలో ఈ వ్యాధి స్వరూపమును వైద్యులు 1937లోనే ప్రకటించిరి. అటుపిమ్మట గూడ నల్లగొండ పల్లెలందు ఎందఱో బిడ్డలు ఆ నీటినే త్రాగి వంగిపోయిరి. పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధిచేయు విధానమునకు నాగపురపు పరిశోధనాలయమువారు నల్లగొండ పేరు పెట్టిరి. ఒక జిల్లా పేరు దాని వ్యాధికి చికిత్సగ లోకమున వ్యాపించుట గౌరవమా, నింద యా? తెలిసిన విషయము పత్రికలందుండుట వేఱు, పల్లె గడపకు చేరుట వేఱు. ఆ నడుమనున్న దూరమును నడచుటయే విద్యావంతుని పని.

హైదరాబాదునందు ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమును బోధించుచున్నారు. 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధనాలయమును అచ్చటనే కలదు. కుమారుడు ఈ విద్యను కోరినచో, “దీనివలన నే ఉద్యోగము వచ్చును?” అని తల్లిదండ్రులడుగుదురు. పేదయింట అది తప్పు ప్రశ్న కాదు. దానితోపాటు, “దీనివలన నీవేమి నిజము చెప్పగలవు?” అనియు నడుగవలయును.

అయితే “లేదు” అనుటతోనే విధి తీరదు. బోరు వలదన్నవాడు, కురిసిన వాననెట్లు నిలుపవలయునో, ఏ పైరు తక్కువనీటితో పండునో కూడ రైతుతో కూర్చుండి ఆలోచింపవలయును. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱి దేవాలయములు కాకతీయుల కాలమునాటివి. భూమి పొరలను కొలుచు సాధనములు లేని ఆ కాలమువారు, రాతినేలపై కురిసిన వాన నిలువదని యెఱిగి, ఊరూర చెరువులు కట్టిరి. సాధనములున్న మనము ఆ చెరువులను పూడనిచ్చి, రాతిని తొలుచుచున్నాము.

భూమి అబద్ధమాడదు. ఉన్నచో ఇచ్చును, లేనిచో దుమ్ము చూపును. దానిని చదువ నేర్చినవాడును అట్లే మాటలాడవలయును.