మూడు చుట్లు

డాల్ఫిన్స్ నోస్ కొండ కనుచూపు మేరలో ఉండే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు. దానికో ముసలి సరంగు, కొత్తగా చేరిన ఒక కళాసి. కళాసికి తన కండబలం మీద గట్టి నమ్మకం.

ఓ సాయంత్రం జెట్టీ దగ్గరపడుతుంటే సరంగు ఇంజను ఆపేశాడు. బోటు మాత్రం ఆగలేదు. కదిలేదాన్ని ఆపాలంటే బయటి బలం కావాలని న్యూటన్ 1687లో రాశాడు. కళాసికి ఆ సంగతి అరచేతుల్లో తెలిసింది. జెట్టీ మీదికి దూకి మోకు పట్టి లాగితే, టన్నుల బరువున్న బోటు అతన్నే ఈడ్చుకుపోయింది. చేతులు బొబ్బలెక్కాయి.

సరంగు దిగి వచ్చి మోకు అందుకున్నాడు. జెట్టీ మీది ఇనప దిమ్మకు మూడు చుట్లు తిప్పి, కొసను కొద్దికొద్దిగా వదులుతూ ఒంటిచేత్తో బిగపట్టాడు. బోటు నెమ్మదించి నిలిచింది.

"ఏం మంత్రం తాతా ఇది?"

"మంత్రమేటీ నేదురా. బోటు ఎంత గట్టిగా లాగితే మోకు దిమ్మని అంత గట్టిగా కరుసుకుంటాది. నాను పట్టింది కొస మట్టుకే."

మర్నాడు కళాసి మోకును చూశాడు. దిమ్మకు రాసుకున్న చోటల్లా పీచు లేచింది. మంచి మోకు పాడైపోతోందని దిమ్మ చుట్టూ శుభ్రంగా గ్రీజు పూశాడు. సాయంత్రం బోటు రాగానే తనే ముందు దూకి మూడు చుట్లూ వేశాడు. మోకు సర్రున జారింది. బోటు వెళ్లి పక్క బోటును గుద్దుకుంది.

"మూడు చుట్లూ వేశాను గదా తాతా!"

"చుట్లు వేసినావు, పట్టు తీసేసినావు. మోకు అరిగితే కొత్తది కొనుక్కుంటాం. బోటు పగిలితే ఏటి సేత్తాం?" అంటూ సరంగు అతని చేతికో గోనెగుడ్డ ఇచ్చాడు.

ముసలాయన అనుభవంతో పట్టిన ఈ లెక్కకు ఆయిలర్ పేరుతో ఒక సూత్రం ఉంది. ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే, ఒక చుట్టుతో పట్టు దాదాపు 5 రెట్లవుతుంది. రెండు చుట్లతో 10 కాదు, 23 రెట్లు. మూడింటితో 111 రెట్లు. అదే గ్రీజు వల్ల గుణకం 0.05కు పడిపోతే, మూడు చుట్లు వేసినా పట్టు 3 రెట్లు కూడా కాదు.

నీతి: చేసిన పనినే మళ్లీ మళ్లీ చేస్తే ఫలితం హెచ్చుతుంది, కాని హెచ్చడానికి మొదట కొంత పట్టు ఉండాలి. ఆ పట్టు రాపిడి లేకుండా రాదు. చెమట పట్టని సాధన, తప్పు దిద్దని గురువు, ఎదురు ప్రశ్న వేయని స్నేహం హాయిగానే ఉంటాయి. బరువు పడ్డ రోజున జారిపోతాయి. అరుగుదలకు భయపడి రాపిడిని వదులుకోకు.