రిస్కు ఎవరి పద్దు?

సౌకార్‌పేటలో మింట్ వీధిని ఆనుకున్న సందులో మా మామయ్య ఇల్లు. ఏళ్ల తరబడి ఒక టోకు కొట్టుకు చిట్టా, ఆవర్జా రాసిన మనిషి. నాదీ లెక్కల పనే. కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే క్లినికల్ ట్రయల్స్‌కు బడ్జెట్లు వేస్తాను. ఈ మధ్య ఆ పనిలోకి సాఫ్ట్‌వేర్లు వచ్చాయని చెబితే, కళ్లజోడు సర్దుకుని దగ్గర కూర్చోమన్నారు.

"అదేం చేస్తుందమ్మా?"

"ట్రయల్ ఎలా జరపాలో రాసిన పత్రాన్ని ప్రోటోకాల్ అంటాం మామయ్యా. పేజీలకు పేజీలుంటుంది. అదిస్తే చదివి, ఏ జబ్బు, ఏ దశ, రోగులెంతమంది, ఎన్ని గ్రూపులు, ఎన్ని దేశాలు అన్నీ ఏరుతుంది. ఏ పేజీలో దొరికిందో చూపిస్తుంది, తప్పయితే మనం దిద్దొచ్చు. ఆఖరున రిస్కు ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా చెబుతుంది. ఖర్చూ అంచనా వేస్తుంది. గేట్స్ ఫౌండేషన్ సాయంతో 'క్లినికల్ ట్రయల్ రిస్క్ టూల్' అని ఒకటి వచ్చింది. మొదట హెచ్ఐవీ, క్షయ ట్రయల్స్ కోసం చేశారు."

"రిస్కు ఎవరికి?"

"ట్రయల్‌కి. అంత డబ్బూ అంత కాలమూ పోశాక, మందు పనిచేస్తుందో లేదో తేలకుండానే ముగిసిపోయే రిస్కు."

"అది డబ్బు పెట్టినవాడి నష్టం. మందు మింగినవాడి నష్టం ఏ పద్దులో ఉంది?"

ఈ మాట ఆయన ఒక్కరే అనేది కాదు. కానీ సగమే నిజం.

"రోగుల సంఖ్య తక్కువ పెట్టి నడిపిన ట్రయల్ ఏమీ తేల్చదు మామయ్యా. అందులో చేరినవాళ్లు రక్తమిచ్చారు, కూలి మానుకుని ఆస్పత్రి చుట్టూ తిరిగారు, వికారాలు భరించారు. తమకు నయం కాకపోయినా పదిమందికి పనికొస్తుందనేగా చేరింది. ఏమీ తేలకపోతే వాళ్ల కష్టం దేనికీ అక్కరకు రాలేదన్నమాట. అది ముందే కనిపెట్టి ఆపగలిగితే రోగికి మేలు చేసినట్టే."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "అది ఒప్పుకుంటాను," అన్నారు. "మరి మనిషే పోతే?"

దానికీ లెక్కుందని చెప్పాను. మన దేశంలో 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల్లో పరిహారానికి సూత్రం ఉంది. ట్రయల్ కారణంగా మనిషి చనిపోతే, మూల మొత్తం 8 లక్షలను వయసు గుణకంతోనూ రిస్కు గుణకంతోనూ హెచ్చించి, 99.37తో భాగించాలి. ఆరు నెలలకు మించి బతకడనుకున్న రోగికి రిస్కు గుణకం 0.5. ఆరోగ్యంగా ఉన్నవాడికి 4. మామయ్య పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో వేశారు. 65 ఏళ్ల వాడికి వయసు గుణకం కూడా 99.37 కనుక అది కొట్టుకుపోతుంది. చావుకు దగ్గరైన ముసలివాడికి 4 లక్షలు. పదహారేళ్లలోపు ఆరోగ్యవంతుడికైతే గుణకం 228.54, మొత్తం 73 లక్షల 60 వేలకు దగ్గర. రెండు అంకెల కిందా గీత గీసి పెన్సిల్ పక్కన పెట్టారు.

"ముసలివాణ్ణి చేర్చుకుంటే ఖర్చు తక్కువన్నమాట."

"పోగొట్టుకున్న ఆయుష్షును బట్టి కట్టారు మామయ్యా. సూత్రం లేని రోజుల్లో ఎవరికి ఎంత ఇచ్చారో అడిగే దిక్కు లేదు."

"సూత్రం తప్పని అనను. ఇది మనిషి పోయాక కుటుంబానికి ఇచ్చేది. నీ యంత్రం దీన్ని ముందే ఖర్చులో వేసుకుంటే, ఖర్చు తగ్గించమన్న ప్రతిసారీ చావుకు దగ్గరైనవాడి వైపే చూపిస్తుంది. పరిహారం అంకె వేరు, జాగ్రత్త వేరు. రెండూ ఒకే పద్దులో కలపకూడదు."

నా దగ్గర జవాబు లేదు. బడ్జెట్‌లో అవి పక్కపక్క గడులే.

అప్పుడు నేను చేట్‌పట్ సంగతి ఎత్తాను. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులోని ఆ చేట్‌పట్‌లోనే క్షయ చికిత్సా కేంద్రం పెట్టాయి. ఈనాటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. మంచాలు వేలల్లో, రోగులు లక్షల్లో ఉన్న కాలం. శానటోరియంలో పడుకోబెట్టకుండా ఇంటి దగ్గరే మందులిస్తే నయమవుతుందా అన్నది ప్రశ్న. 193 మందిని ఏ గుంపులోకి ఎవరన్నది యాదృచ్ఛికంగా తేల్చి, కొందరిని శానటోరియానికి పంపి, కొందరిని ఇరుకిళ్లలోనే ఉంచి ఏడాది పాటు ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండీ విశ్రాంతీ తక్కువే. అయినా 1959లో అచ్చయిన ఫలితాల్లో రెండు గుంపులూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. ప్రపంచమంతటా క్షయ వైద్యం ఇంటి దారి పట్టడానికి ఆ 193 మంది ఒక పెద్ద కారణం.

"ఆ ట్రయల్ పత్రాన్ని నీ యంత్రానికిస్తే?"

"సంఖ్య చిన్నదని మార్కులు తగ్గించే అవకాశమే ఎక్కువ. కానీ నాకు పెద్దగా కనిపించేది ఇంకొకటి. రోగితో ఒకే గదిలో పడుకునే భార్యాబిడ్డల్ని కూడా వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. ఇంట్లో వైద్యం వల్ల వాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోలేదని అలాగే తేలింది. ముందు చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవాళ్లు, మూత్రం పరీక్షించేవాళ్లు."

"మందు మింగింది రోగి, రిస్కు ఇంటిల్లిపాదిదీ. వాళ్ల పద్దు కూడా రాశారు," అన్నారు మామయ్య. ఇంటికి వెళ్లి చూసే ఖర్చు ఈనాటి బడ్జెట్లలో ఎంతని అడిగారు. నేను చూసినవాటిలో ముందు కత్తెర పడేది దానికే. ఆ మాట చెప్పడానికి బాధేసింది.

ఖమ్మం గురించి ఆయనే అడిగారు, పేపర్లో చదివిన గుర్తు. 2009లో అక్కడ పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన పని. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం బయటపెట్టినది వేరే. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

"యంత్రం ఏం చదివేది?"

"అంగీకార పత్రం జతచేశారు, అని."

"నిజమేగా, జతచేశారు." ఆ తర్వాత కాసేపు ఆయన గొంతు పెగల్లేదు. ఆ వయసు మనవరాళ్లు ఆయనకున్నారు.

"కాగితంలో లేనిది ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు మామయ్యా. అందుకే ట్రయల్‌కు అనుమతిచ్చే నైతిక సంఘం ఉంది. అందులో వైద్యంతో సంబంధం లేని సామాన్యుడు ఒకరైనా ఉండాలని నియమం."

"ఆ సామాన్యుడి చేతికి ఏమిస్తారు? రిస్కు తక్కువ అన్న మాట ముందే చూశాక, పెద్దవాళ్ల మధ్య కూర్చుని ఆయన నోరు తెరుస్తాడా?"

"చూపించొద్దంటారా?"

"చూపించండి. దాని వల్ల తేలని ట్రయల్స్ ఆగుతాయని నువ్వే చెప్పావుగా. కానీ ముందు ప్రోటోకాల్‌ను ఆయనకు అర్థమయ్యే భాషలో ఇవ్వండి. ఆయన అడిగినవన్నీ రాసుకోండి. ఎవరింటికి ఎవరు వెళ్తారు, సంతకం ఎవరిది, పక్కన పడుకునేవాళ్ల సంగతేంటి అని అడుగుతాడు. వాటికి జవాబులు రాశాక యంత్రం మాట చూపించండి."

"దానికి ఇంకో సమావేశం కావాలి. ఖర్చు."

"బడ్జెట్ వేసేది నువ్వేగా. ఆ పద్దు రాయి."